తెల్లబడిన వేళ్ళు

"సాయంత్రంలోగా ఆవిణ్ణి అరెస్టు చేస్తున్నానక్కా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ హాస్పిటల్ మెట్ల మీదే.

డిటెక్టివ్ కళ్ళజోడు తీసి రుమాలుతో తుడవడం మొదలుపెట్టింది. అక్క కళ్ళజోడు తుడుస్తోందంటే ఎదుటివాడి మాట ఆమెకి రుచించలేదని అర్థం. చిన్నప్పటి నుంచీ ఆ తుడవడం చూస్తున్నవాడు కనుక తమ్ముడికి ఒళ్ళు మండింది.

"ఏం, చెయ్యకూడదా?"

"ఎవరొద్దన్నారు? ముందు కేసు చెప్పు."

"నీకు చెప్పాల్సిన పని నాకు లేదు. నువ్వు ప్రైవేటు, నేను గవర్నమెంటు."

"సరే, నాకు చెప్పకు. ఈ గోడకి చెప్పు. నేను పక్కన నిలబడి వింటాను."

నవ్వు ఆపుకోవడానికి ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకున్నాడు. ఊరందరి ముందూ పులిలా తిరిగే మనిషి అక్క ముందు ఎంతసేపని బిగుసుకుని ఉండగలడు? చెప్పేశాడు.

గడియారాలు బాగుచేసే ఒకాయన. అరవై దాటినవాడు. ఇంట్లో వంటగది పక్కనున్న చిన్న గదిలో, మట్టి లేకుండా నీళ్ళలోనే మొక్కలు పెంచుతున్నాడు. కిటికీ ఒక్కటే, అదీ చిన్నది. మొన్న ఉదయం ఆ గదిలో విషవాయువు పీల్చి పడిపోయాడు. అది క్లోరిన్ లాంటి వాయువని, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని డాక్టర్లు చెప్పారు. ఇంకా స్పృహ రాలేదు. గదిలో దొరికినవి రెండు సీసాలు. ఒకటి నీళ్ళ పీహెచ్ తగ్గించే మందు, అంటే యాసిడ్. రెండోది 'వేరుబలం' అనే టానిక్. నిన్న టానిక్‌లో కొంచెం తీసి ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే సముద్రపు నాచు రసం, నీళ్ళు, అంతే. పసిపిల్ల తాగినా ఏమీ కాదు.

"మరి క్లోరిన్ ఎక్కణ్ణించి వచ్చిందంటావ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "యాసిడ్‌లో బ్లీచింగ్ ద్రవం కలిస్తేనే ఆ వాయువు పుడుతుంది. ఆ ఇంట్లో బ్లీచింగ్ ఎవరి దగ్గరుందో తెలుసా? భార్య దగ్గర. ఆవిడ టైలరు. తెల్లబట్టల మరకలు తియ్యడానికి ఓ క్యాను పెట్టుకుంది. ఇంకోటి విను. ఆయనకి మూడేళ్ళ క్రితం జ్వరం వచ్చి ముక్కు పనిచెయ్యడం మానేసింది. వాసన తెలీదు. ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలీదు. ముందురోజు ఇద్దరికీ గొడవైంది. 'మీ మొక్కలూ వద్దు, మీరూ వద్దు' అని ఆవిడ అరిచింది. పక్కింటివాళ్ళు విన్నారు."

"అంబులెన్సుకి ఫోన్ చేసిందెవరు?"

"ఎవడో మగవాడు. ఆయన ఫోన్‌లోంచే చేశాడు. అడ్రసు చెప్పి, ఫోన్ గడప మీద పడేసి పోయాడు. వాడే ఆవిడకి సాయం చేసినవాడని నా అనుమానం."

"చంపడానికి సాయం చేసినవాడు అంబులెన్సు పిలిచాడా?"

"భయపడ్డాడేమో."

"ఆవిడేమంది?"

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "'నేనే చంపుకున్నాను' అంది. ఇంకేం కావాలక్కా?"

డిటెక్టివ్ కళ్ళజోడు పెట్టుకుంది. "'చంపాను' అనలేదు, 'చంపుకున్నాను' అంది. ఆ మాటలో తేడా నీకు వినపడలేదురా?" అని లోపలికి నడిచింది.

*

ఐసీయూ బయట బెంచీ మీద ఆవిడ ఒక్కతే ఉంది. ఒళ్ళో ముదురు నీలం చొక్కా. సూదితో కుడుతోంది. హాస్పిటల్‌లో కుట్టుపనేమిటని వచ్చేపోయేవాళ్ళు వింతగా చూస్తున్నారు. ఆవిడకి అవేవీ పట్టలేదు.

డిటెక్టివ్ పక్కన కూర్చుంది. "మీ దగ్గర కుట్టు నేర్చుకున్న ఆడపిల్లలంతా కలిసి నన్ను పంపారమ్మా. మా గురువుగారు చీమకి కూడా హాని చెయ్యరని ఒట్టు పెట్టి మరీ చెప్పారు."

"పిచ్చిపిల్లలు," అంది ఆవిడ తలెత్తకుండా.

"ఆ చొక్కా ఆయనదేనా?"

"నర్సు కవర్లో పెట్టి ఇచ్చింది. లేచాక వేసుకోవడానికి ఉండాలి కదా." దారం కొరికింది. "పోలీసాయన దీన్ని చూసి పెనుగులాట జరిగిందన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు రావడం ఏమిటో, ఇలాంటప్పుడు."

"ఎందుకు నవ్వొచ్చింది?"

"పెనుగులాడితే గుండీలు ఊడతాయి, జేబు చిరుగుతుంది, కాలరు చిరుగుతుంది. ఇది చూడండి. రెండు చంకల కిందా కుట్లు విడిపోయాయి. ఇంకెక్కడా చెక్కుచెదరలేదు. ఆయన చొక్కాలన్నీ నేనే కుడతాను. ఇక్కడ డబుల్ కుట్టు వేస్తాను. ఊరికే విడిపోదు."

డిటెక్టివ్ ఆ చొక్కాని రెండు చేతులతో అందుకుంది. వెనకనుంచి ఎవరో చంకల్లో చేతులు వేసి బరువైన మనిషిని గట్టిగా లాగితేనే ఆ కుట్లు అలా పోతాయి. గదిలోంచి గడప బయటికి. కుడిచేతి మడత దగ్గర నీలం రంగులో చిన్నచిన్న తెల్లచుక్కలున్నాయి, వెలిసిపోయిన చుక్కలు.

"ఇవి పాతవా?"

"కాదు. ఇంతకుముందు లేవు." ఆవిడ వేలితో ఆ చుక్కల్ని తడిమింది. "ఇవి బ్లీచింగ్ చుక్కలే. నాకు తెలుసు. కానీ నా క్యాను కుట్టుగదిలో, బీరువా వెనక ఉంటుంది. ఆ గదిలోకి ఎప్పుడూ తీసుకెళ్ళలేదు."

"మరి 'నేనే చంపుకున్నాను' అని ఎందుకన్నారు?"

ఆవిడ సూది చొక్కాలో గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయనకి ముక్కు పోయిందని తెలిసిన రోజు ఏడవలేదు. నవ్వారు. 'ఇక నువ్వేం మాడ్చినా నాకు తెలీదు, అదృష్టవంతురాలివి' అన్నారు. కానీ నెమ్మదిగా తిండి మీద ఇష్టం పోయింది. ఏం తిన్నా అట్టముక్కలా ఉందనేవారు. అప్పుడెవరో చెప్పారని ఈ నీళ్ళ మొక్కలు పెట్టారు. పుదీనా, కొత్తిమీర, స్ట్రాబెర్రీ. రోజూ సాయంత్రం ఓ ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టి 'చెప్పు, ఇవాళ ఎలా ఉంది?' అని అడిగేవారు. నేను చెప్పాలి. ఊరికే 'బాగుంది' అంటే ఒప్పుకునేవారు కాదు. 'తడిసిన బట్ట ఇస్త్రీ చేసినప్పుడు లేచే ఆవిరిలా ఉంది', 'బస్సు కిటికీలోంచి చల్లగాలి కొట్టినట్టుంది' అని ఏదో ఒకటి వెతుక్కుని చెప్పేదాన్ని. కళ్ళు మూసుకుని వినేవారు. తర్వాత అదే ఆకు నోట్లో వేసుకుని 'అవును, అలాగే ఉంది' అనేవారు."

కారిడార్‌లో ఏదో ట్రాలీ వెళ్ళింది.

"రోజూ పొద్దున నేను ముందు ఆ గదిలోకి వెళ్ళి వాసన చూసి, 'రండి' అనేదాన్ని. అప్పుడాయన వచ్చేవారు. మొన్న కోపంలో నేను వెళ్ళలేదు. మార్కెట్‌కి పోయాను. వచ్చేసరికి గుమ్మంలో అంబులెన్సు ఉంది. నేను ఇంట్లో ఉండుంటే ఆ ఘాటు నాకు తెలిసేది, ఆయన్ని బయటికి లాక్కొచ్చేదాన్ని."

"గొడవ దేనికి?"

"ఆ షాపు అబ్బాయి గురించి. 'మొక్కల డాక్టర్' అంటారు. వారం వారం వచ్చేవాడు. మర్యాదస్థుడే, చెప్పులు బయట విడిచి వస్తాడు. కానీ వచ్చినప్పుడల్లా ఓ కొత్త సీసా చేతిలో పెట్టి పోతాడు. ఆకు పసుపైతే ఓ సీసా, పచ్చగా ఉంటే ఇలాగే ఉండటానికి ఓ సీసా. లోపల ఏముందో దేనిమీదా రాసుండదు. నేను గుడ్డ కొన్నా అది నూలో, పాలిస్టరో చూసి కొంటాను. 'ఏముందో తెలియని మందు ఎలా పోస్తారు?' అన్నాను. 'వేళ్ళు చూడు, ఎంత తెల్లగా అయ్యాయో' అన్నారు ఆయన. అక్కణ్ణుంచి మాటా మాటా పెరిగింది."

"వేళ్ళు తెల్లగా అయ్యాయా?"

"పాలలా."

"ఆ అబ్బాయి తర్వాత కనపడ్డాడా?"

"మొన్న సాయంత్రం ఇక్కడికొచ్చాడు. నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు పాపం. మొక్కలు ఎండిపోతాయి, నీళ్ళు చూసి వస్తాను, తాళం చెవి ఇమ్మన్నాడు. ఇచ్చాను. గంటలో తెచ్చిచ్చేశాడు."

డిటెక్టివ్ లేచింది. లేస్తూ, "ఈ నీలం దారం ఓ మూరెడు ఇస్తారా?" అని అడిగింది.

*

గది తలుపు తియ్యగానే పంపు బుడబుడమనే చప్పుడు. మనిషి పడిపోయినా, పోలీసులు తిరిగినా, ఆ చిన్న పంపు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. గోడకి రెండు వరసల తెల్లగొట్టాలు. గొట్టాల్లో రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో ఒక జాలీ గిన్నె, దాంట్లో ఒక మొక్క. పైన లైట్లు. కింద మూతపెట్టిన నీళ్ళతొట్టి. తొట్టి పక్కన నీలంరంగు వేసిన చెక్క బల్ల మీద రెండు సీసాలు, ఒక ప్లాస్టిక్ మగ్గు.

"అన్నీ చూశాం," అన్నాడు వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టర్. "నువ్వు కొత్తగా కనిపెట్టేదేం లేదు."

"లేకపోతే మంచిదేరా. తొందరగా ఇంటికి పోవచ్చు."

ఆమె ముందు మొక్కల దగ్గరికి వెళ్ళింది. జాలీ గిన్నె ఒకటి పైకి లాగి వేళ్ళు చూసింది. నిజంగానే పాలలా ఉన్నాయి. వేలితో తాకితే ఒక వేరు ముక్క పుటుక్కున విరిగి ఆమె అరచేతిలో పడింది. ఆకులు మాత్రం వాడి వేలాడుతున్నాయి.

"పొద్దున ఆడపిల్లలు మొక్కల సంగతి చెప్పగానే వ్యవసాయ కాలేజీలో ఒక లెక్చరర్‌తో మాట్లాడాను," అంది. "ఆరోగ్యమైన వేరు లేత మీగడ రంగులో ఉంటుందిట, వంచితే వంగుతుందిట. దీన్ని చూడు. ఇది బలపడి తెల్లబడలేదు. రంగు చంపేస్తే తెల్లబడింది. ముసలాయన తలకి వేసిన రంగు చూసి వయసు తగ్గిందనుకున్నట్టుంది."

"అంటే?"

"అంటే చాలా రోజులుగా ఈ నీళ్ళలో బ్లీచింగ్ పడుతోంది. ఇలా రా."

ఆమె 'వేరుబలం' సీసాని పైకెత్తింది. దాని కింద, బల్ల నీలం రంగులో, తెల్లటి గుండ్రటి మచ్చ ఉంది. ఒకటి కాదు. ఒకదాని మీదొకటి, కాస్త అటూ ఇటూ జరిగి, కాఫీ గ్లాసు పెట్టినప్పుడు పడే మరకల్లా తెల్లటి చుట్లు. యాసిడ్ సీసా కింద అలాంటిది ఏదీ లేదు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు.

ఆమె సీసా మూత తీసి, టైలరమ్మ ఇచ్చిన నీలం దారం కొస దాంట్లో ముంచి, తెల్ల కాగితం మీద పరిచింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. దారం తడిసింది తప్ప రంగు మారలేదు.

"ఈ సీసాలో ఉన్నది దారాన్ని కూడా తెల్లబరచలేదు. ఇక్కడ నిలబడ్డ సీసా చెక్కమీది పెయింటునే తినేసింది. అంటే ఇది ఆ సీసా కాదు. ఎవరో మార్చారు."

"ఆవిడే మార్చి ఉంటుంది."

"ఆవిడ అంబులెన్సులో ఎక్కిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఆ బెంచీ దిగలేదు. నీ కానిస్టేబులే సాక్షి. తాళం చెవి ఇంకొకడి చేతికి వెళ్ళి వచ్చింది. అది నువ్వడిగావా?"

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. "నేనడిగే పద్ధతి వేరు, నువ్వడిగే పద్ధతి వేరు. నువ్వు పక్కన కూర్చుని కబుర్లు చెప్పించుకుంటావు. నా వెనక పై అధికారులున్నారు, పేపర్లవాళ్ళున్నారు. నీకేం, తప్పు చేస్తే ఫీజు వదులుకుంటావు. నేను తప్పు చేస్తే యూనిఫాం వదులుకోవాలి."

"అందుకేరా, తప్పు చెయ్యకుండా ఆపుతున్నాను."

"ఆపక్కర్లేదు! నా ఎనిమిదో క్లాసు లెక్కలు కాదిది, నువ్వు దిద్దడానికి."

ఆ మాట కాస్త గట్టిగానే తగిలింది. డిటెక్టివ్ కళ్ళజోడు వైపు చెయ్యి పోనివ్వబోయి మానుకుంది. తమ్ముడి చొక్కా భుజం మీద గొట్టం నుంచి పడ్డ నీటిచుక్కని వేళ్ళతో తుడిచి, "దిద్దడం లేదురా. నీకు ఒక్క పూట టైం అడుగుతున్నాను," అంది నెమ్మదిగా. "ఆవిణ్ణి అరెస్టు చేస్తే, ఆయన కళ్ళు తెరిచేసరికి ఆవిడ పక్కన ఉండదు. తెరిచి వెతుక్కుంటే ఏం చెప్తావు?"

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది తెల్లచుట్ల వైపు చాలాసేపు చూశాడు.

"సాయంత్రం దాకా," అన్నాడు చివరికి. "అదీ, షాపుకి నేనూ వస్తాను."

"నువ్వు బయట కార్లో కూర్చో. నీ మీసం చూస్తే ఎవడూ అబద్ధం కూడా సరిగ్గా ఆడలేడు."

*

షాపు అద్దాల తలుపులతో ఆస్పత్రిలా మెరుస్తోంది. అలమరల నిండా సీసాలు. ఆకు బలం, పువ్వు బలం, వేరు బలం, కాండం బలం. ఓనరు తెల్లకోటు వేసుకుని కౌంటరు వెనక నిలబడ్డాడు. కాస్త దూరంలో, స్టోరు గది గుమ్మం దగ్గర, చేతులు జేబుల్లో పెట్టుకుని ఒక బక్కపల్చని యువకుడు. ముప్ఫై ఉంటాయేమో. మొక్కల డాక్టర్ అతనేనని చూడగానే తెలిసిపోయింది, కళ్ళు వాచి ఉన్నాయి.

డిటెక్టివ్ బ్యాగులోంచి ఒక పుదీనా రెమ్మ తీసి కౌంటరు మీద పెట్టింది. ఉదయం లెక్చరర్ కాలేజీ మొక్కల్లోంచి తుంచి ఇచ్చిన రెమ్మ. ఏ లోపమూ లేనిది.

"మా మొక్కలన్నీ ఇలా అయిపోతున్నాయండీ. ఏమైనా చెయ్యగలరా?"

ఓనరు భూతద్దం తీశాడు. తల పంకించాడు. నాలుక చప్పరించాడు. "మంచి టైముకి వచ్చారు మేడం. ఇంకో వారమైతే చేతులెత్తేయాల్సిందే. ఇదిగో, ఈ అంచు చూడండి. వేరు నీరసం." మాట్లాడుతూనే మూడు సీసాలు ఆమె ముందు వరసగా పెట్టేశాడు.

"ఇందులో ఏముంటుంది?"

"అంతా మూలికలే. మా సొంత ఫార్ములా."

"పరీక్ష చేయించారా?"

"మా కస్టమర్లే మాకు ల్యాబ్ మేడం!" అని గట్టిగా నవ్వాడు.

"మా ఇంట్లో నీళ్ళు ఎలాంటివో అడగలేదే? బోరువో, కుళాయివో? తొట్టి ఎంతదో? ఏ ఎరువు వేస్తున్నానో?"

"ఏ నీళ్ళయినా ఒకటే మేడం. ఇది అన్నిటికీ పనిచేస్తుంది."

"అన్నిటికీ పనిచేసే మందంటే నాకు భయమండీ," అంది డిటెక్టివ్. "మంచి సలహా అయితే ఎప్పుడో ఒకసారి 'మీరేం కొనక్కర్లేదు' అని కూడా చెప్తుంది. ఆ మాట ఈ షాపులో ఎప్పుడైనా వినపడుతుందా?"

ఓనరు నోరు తెరిచేలోగా స్టోరు గుమ్మం దగ్గర్నుంచి గొంతు వచ్చింది. బొంగురుపోయిన గొంతు.

"మీరేం కొనక్కర్లేదు మేడం. ఆ రెమ్మకి ఏ జబ్బూ లేదు."

ఓనరు చూపుతోనే అతణ్ణి కాల్చేశాడు. మొక్కల డాక్టర్ దగ్గాడు. ఆగకుండా, ఒంగిపోయి దగ్గాడు.

డిటెక్టివ్ కౌంటరు దాటి అతని దగ్గరికి వెళ్ళింది. "ఆ దగ్గు ఎప్పట్నుంచి నాయనా?"

అతను చేతులు జేబుల్లోకి ఇంకా లోతుగా దోపుకున్నాడు.

"చేతులు చూపించు."

జేబుల్లోంచి చేతులు బయటికి వచ్చాయి. వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. ఆమె ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. పోలీసు చెయ్యి పడుతుందని భయపడ్డవాడికి ఆ తాకిడి కొత్తగా అనిపించింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఆయన్ని చంకల్లో చేతులేసి బయటికి లాగింది నువ్వే కదూ?" అంది ఆమె.

"బతికారా?" అన్నాడు అతను. మొట్టమొదట అడిగింది అదే.

*

అద్దాల తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. ఓనరు వెనక తలుపు వైపు జరగబోతే అక్కడ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. ఆమె డిటెక్టివ్ అని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. మొక్కల డాక్టర్ స్టూలు మీద కూర్చుని, ఆగి ఆగి, అంతా చెప్పేశాడు.

మొదట్లో 'వేరుబలం' సీసాల్లో నిజంగానే నాచు రసం పోసేవాళ్ళు. దానితో వేళ్ళు తెల్లబడవు. కస్టమర్లకి కంటికి కనిపించే గుణం కావాలి. ఓనరు ఈతకొలనుల నీళ్ళు శుభ్రం చేసే మందు డ్రమ్ములు తెప్పించి, దాన్ని బాగా పల్చన చేసి నింపించాడు. వేళ్ళు రంగు వెలిసి తెల్లబడేవి. జనం మురిసిపోయేవాళ్ళు.

"నాకు డ్రమ్ము మీద లేబుల్ చింపేసి ఇచ్చాడు సార్. గాఢమైన మూలికల సారం అన్నాడు. పీహెచ్ మందు, ఇదీ ముందు మగ్గులో కలిపి, తర్వాత తొట్టిలో పొయ్యమని చెప్పమన్నాడు. బలం గాలిలో పోకుండా కిటికీ మూసుకోమనాలన్నాడు. అదే నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను. కాస్త ఘాటుగా ఉంటుంది, మూలిక కదా అన్నాను."

"తెలిసిందెప్పుడు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"కొత్త డ్రమ్ము వచ్చింది. ఈయన నీళ్ళు కలపకుండానే నింపెయ్యమన్నాడు. నింపి, ఇళ్ళకి ఇచ్చేశాను. మర్నాడు పొద్దున మిగిలింది నింపుతుంటే చేతుల మీద ఒలికింది. మండిపోయింది. నా నల్లప్యాంటు మీద పడ్డచోట తెల్లబడింది. అప్పుడర్థమైంది సార్. గడియారాలాయన పొద్దున్నే మందు పోస్తారని తెలుసు. పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే..." మళ్ళీ దగ్గు. "ఆయనకి వాసన తెలీదని నాకు తెలీదు మేడం. తెలిస్తే..."

"అంబులెన్సు పిలిచి ఎందుకు పారిపోయావ్?"

"సలహా చెప్పింది నేను. బిల్లు మీద సంతకం పెట్టి ఇచ్చింది నేను. పొద్దున నేను నిలదీస్తే, జైలుకి పోయేది నువ్వేనని ఈయనే అన్నాడు. జైలుకి పోతే మిగతా సీసాల సంగతేంటి సార్? ఎవరెవరికి ఇచ్చానో నాకు తప్ప ఎవరికీ తెలీదు. అందుకని పాత నాచు రసం సీసాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. 'మందు పాతబడింది, మార్చిస్తాను' అని చెప్పి ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చాను. ఆ ఇంట్లోదీ అలాగే మార్చాను. దానివల్ల ఆ అమ్మ మీదికి నేరం వస్తుందని తోచలేదు. నిజంగా తోచలేదు మేడం."

స్టోరు గదిలో, గోడ వారగా, వెనక్కి తెచ్చిన సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. బ్యాగులోంచి మిగిలిన నీలం దారం తీసి డిటెక్టివ్ ఒకదాంట్లో ముంచింది. చూస్తుండగానే నీలం పసుపై, పసుపు తెలుపైపోయింది.

"ఇదంతా కట్టుకథ," అన్నాడు ఓనరు. "వీడికి నా మీద కక్ష."

"ఆ కక్షేదో స్టేషన్లో కూర్చుని వివరంగా చెబుదువుగాని," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అప్పుడే డిటెక్టివ్ ఫోన్ మోగింది. టైలరమ్మ. మొదట ఏడుపు తప్ప మాట వినపడలేదు. తర్వాత మాటలు కలిశాయి. "కళ్ళు తెరిచారమ్మా. మాట్లాడలేకపోతున్నారు, మూతికి ఏదో పెట్టారు. నన్ను చూసి, తన ముక్కు మీద వేలు పెట్టుకుని, కనుబొమలు ఎగరేశారు. ఇక్కడేం వాసన అని అడుగుతున్నారు."

"ఏం చెప్పారమ్మా?"

"ఫినాయిలని చెప్పబుద్ధి కాలేదు. కొత్త బట్టల తాను విప్పినట్టుందని చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు."

డిటెక్టివ్ ఫోన్ పెట్టేసి, "ఆయన లేచాడు," అంది. స్టూలు మీద మొక్కల డాక్టర్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అటు తిరిగి అలమరలోని సీసాలు చూస్తున్నట్టు నటించాడు.

"సరే," అన్నాడు కాసేపటికి. "అరెస్టు ఆవిడది కాదు. నువ్వే గెలిచావక్కా."

ఆ పిలుపు విని మొక్కల డాక్టర్ తలెత్తాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఉన్న కాస్త రంగూ ముఖంలోంచి దిగిపోయింది.

"మీరిద్దరూ అక్కాతమ్ముళ్ళా?"

"అయితే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు డిటెక్టివ్... సారు ఇన్‌స్పెక్టర్..." అతను లేచి నిలబడ్డాడు. "సార్, సీసాలన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. అది ఇంటికిచ్చింది కాదు. ఓ పెద్దావిడ షాపుకే వచ్చి మొక్కల సెట్టుతో సహా తీసుకెళ్ళింది. అడ్రసు ఇవ్వలేదు. నువ్వు ఇంటికొచ్చి ఇంకో నాలుగు అంటగడతావని నవ్వింది. రెండ్రోజులుగా ఆవిడ కోసమే తిరుగుతున్నాను."

"ఎలా ఉంటుంది?" అంది డిటెక్టివ్.

"పొట్టిగా ఉంటుంది. చాలా మాట్లాడుతుంది. రేటు తగ్గించమని గొడవ చేసింది. 'నన్ను మోసం చేద్దామనుకోకు నాయనా, మా అమ్మాయి డిటెక్టివ్, మా అబ్బాయి ఇన్‌స్పెక్టర్' అంది. ఊరికే బెదిరిస్తోందనుకున్నాను సార్."

*

కారు వీధి మలుపు తిరిగేసరికి డిటెక్టివ్ మూడోసారి అమ్మ నంబరు నొక్కింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. తమ్ముడు హారను మీద నుంచి చెయ్యి తియ్యకుండా నడుపుతున్నాడు.

"మొక్కలు పెడుతున్నానని నీకు చెప్పిందా?" అన్నాడు.

"లేదురా. నీకు?"

"నేను ఫోన్ చేసి పదిరోజులైంది."

నాలుగోసారి అవతల ఎత్తారు.

"ఏంటే ఆ మోగించడం? కొంపలంటుకున్నాయా? చేతులు ఖాళీ లేవిక్కడ."

"అమ్మా, చేతిలో ఏముంది?"

"మొక్కల మందే. మీ ఇద్దరూ బయట గడ్డీగాదం తిని తిరుగుతున్నారు కదా, ఆకుకూరలు పెంచి పంపుదామని. చెబితే వద్దంటారని చెప్పలేదు. ఒకటి మగ్గులో పోశాను. రెండోదాని మూత రాక చస్తున్నాను. పిల్లలు తియ్యకుండా బిగించారుట. ముసలాళ్ళ సంగతి ఎవడాలోచిస్తాడు? పట్టకారు తెచ్చి ఇప్పుడే..."

"అమ్మా, ఆ సీసా కింద పెట్టు."

"ఎందుకే? ఆ అబ్బాయి చక్కగా విడమరిచి చెప్పాడు. కిటికీ కూడా మూశాను."

"కింద పెట్టమ్మా!" డిటెక్టివ్ సీట్లోంచి సగం లేచింది. "అది మందు కాదు. మగ్గు ముట్టుకోకు. అక్కణ్ణుంచి బయటికొచ్చి తలుపు వేసెయ్. వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చో. ఫోన్ పెట్టెయ్యకు. నాతో మాట్లాడుతూనే ఉండు."

సీసా దేనిమీదో ఆనిన చప్పుడు. చెప్పుల చప్పుడు. తలుపు మూసుకుంది. కుర్చీ ఈడ్చిన చప్పుడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ చెవులు రిక్కించి విన్నారు.

"కూర్చున్నానే," అంది అమ్మ. గొంతులో ఇందాకటి దూకుడు లేదు. "తమ్ముడి కారు హారనులా వినపడుతోంది. నీ పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. ఇద్దరం వస్తున్నాం."

"ఇద్దరూనా? కలిసా?" అమ్మ ఒక్క క్షణం ఆగి, మెల్లగా అడిగింది. "ఏమే... నాకేమైనా అయిందా?"